26 అడుగుల తెరచాప పడవ: పాత డీజిల్ ఇంజిన్ బాగుచేయించాలా, తీసేసి కొత్తది పెట్టాలా?

ఫేర్‌హామ్ తెరచాప (ఫిబ్రవరి 4)

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం ఇదే మొదలు.

మాది వెస్టర్లీ సెంటార్, 1974లో కట్టిన పడవ. పొడవు 26 అడుగులు, బరువు సుమారు 3 టన్నులు. అడుగున జంట కీల్స్ (కిందికి దిగే రెండు రెక్కలు) ఉన్నందువల్ల, పాటుకు సముద్రం వెనక్కి తీసినప్పుడు బురద మీద నిటారుగా కూర్చుంటుంది. ఇంగ్లండులో పోర్ట్స్‌మత్ హార్బర్ పై కొసన లంగరు వేసుకుంటాను. లోపల ఉన్నది పడవతో పాటే వచ్చిన రెండు సిలిండర్ల డీజిల్, 25 హార్స్‌పవర్. సముద్రపు నీళ్లే నేరుగా ఇంజిన్‌లో తిరిగి చల్లబరిచే రకం.

అక్టోబరులో ఐల్ ఆఫ్ వైట్ నుంచి వస్తుండగా హార్బర్ ముఖద్వారం దగ్గర ఆగిపోయింది. నీళ్లు బయటికి లాగుతున్నాయి, గాలి లేదు, వెనక ఫెర్రీ వస్తోంది. నా భార్య, ఎనిమిదేళ్ల మా పాప పడవలోనే ఉన్నారు. ఎవరో మంచి మనిషి తాడు విసిరి లాక్కెళ్లాడు. ఆ పది నిమిషాలు నేను మర్చిపోలేను.

తర్వాత డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంది, మట్టం కూడా పెరిగింది, అంటే అందులో నీళ్లు కలిశాయి. ఒక మెకానిక్ హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై మూత కింద వేసే పలుచటి అట్ట) మారిస్తే చాలన్నాడు. ఇంకొకాయన చూడకుండానే కొత్త ఇంజిన్ పెట్టమన్నాడు. కొత్త ఇంజిన్ ధర నేను పడవ కొన్న ధరకంటే ఎక్కువ. ఏం చేయమంటారు?

వాల్తేరు చీఫ్ (ఫిబ్రవరి 4)

మీ కుటుంబం క్షేమంగా బయటపడినందుకు సంతోషం. ముప్పై ఏళ్లు ఓడల ఇంజిన్ రూముల్లో పనిచేసినవాడిగా చెబుతున్నాను: ఆ నీళ్లు ఎటునుంచి వచ్చాయో తేలేదాకా రూపాయి ఖర్చుపెట్టకండి.

ఆయిల్‌లోకి నీళ్లు రావడానికి మీ రకం ఇంజిన్‌లో ముఖ్యంగా మూడు దారులు. గ్యాస్కెట్ పోవడం ఒకటి. లోపల నీటి దారి గోడ ఉప్పుకు తిని చిల్లి పడటం రెండోది. మూడోది చాలామందికి తట్టదు. ఎగ్జాస్ట్‌లో (పొగ గొట్టంలో) ఇంజిన్‌ను చల్లబరిచిన నీళ్లు కలిసే చోటు బయటి నీటి మట్టంకంటే కిందుగా ఉంటే, ఇంజిన్ ఆపాక నీళ్లు సైఫన్‌లా వాటంతట అవే లోపలికి పాకి, ఎగ్జాస్ట్ వాల్వు మీదుగా సిలిండర్‌లో దిగుతాయి. దాన్ని ఆపడానికి గొట్టాన్ని నీటి మట్టానికి బాగా పైకి ఎత్తి, వంపు మీద గాలి పీల్చే చిన్న వాల్వు పెడతారు. ఆ వాల్వు ఉప్పు పట్టి మూసుకుపోతే కొత్త ఇంజిన్‌ కూడా ఇలాగే మునుగుతుంది.

ఇంకో మాట. స్టార్ట్ కాని ఇంజిన్‌ను సీకాక్ (సముద్రపు నీళ్లు లోపలికి వచ్చే కుళాయి) తెరిచి ఉంచి పదేపదే తిప్పకండి. పంపు నీళ్లు తోడుతూనే ఉంటుంది, వాటిని బయటికి తన్నే పొగ మాత్రం ఉండదు. వాటర్‌లాక్ (ఎగ్జాస్ట్ మధ్యలో నీళ్లు నిలిచే డబ్బా) నిండి నీళ్లు వెనక్కి వస్తాయి. తిప్పేటప్పుడు సీకాక్ మూయండి, అందుకున్న వెంటనే తెరవండి.

ముందు కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి చేరుతోందో) చూడండి. రెండు సిలిండర్ల అంకెలూ ఇక్కడ పెట్టండి.

సాగర్ లేజర్ (ఫిబ్రవరి 5)

నేను హుస్సేన్ సాగర్‌లో లేజర్ అనే చిన్న ఒంటరి తెరచాప పడవ నడుపుతాను, కాబట్టి తెలియక అడుగుతున్నాను. తెరచాప ఉంది కదా, 3 టన్నుల పడవకు ఇంజిన్ అంత అవసరమా? గాలి వచ్చేదాకా ఆగకూడదా?

ఫేర్‌హామ్ తెరచాప (ఫిబ్రవరి 5)

తమ్ముడూ, సాగర్‌లో గాలి ఆగితే పడవ కూడా ఆగుతుంది. ఇక్కడ గాలి ఆగినా నీళ్లు ఆగవు. ఐల్ ఆఫ్ వైట్‌కూ ఒడ్డుకూ మధ్య ఉన్న సోలెంట్ జలసంధి పడమటి కొసన హర్స్ట్ ఇరుకులో అమావాస్య, పౌర్ణమి పోట్లకు ప్రవాహం 4 నాట్లు (గంటకు 7 కిలోమీటర్ల పైన) దాటుతుంది. మా పడవ నీటిరేఖ పొడవు 21 అడుగుల చిల్లర, అంటే ఎంత తోసినా వేగం 6 నాట్ల దగ్గర ఆగిపోతుంది. పైగా పోర్ట్స్‌మత్ ముఖద్వారంలో ఇంజిన్ ఉన్న పడవ ఇంజిన్ మీదే నడవాలని హార్బర్ నియమం. 20 మీటర్లలోపు వాటికి పక్కన చిన్న పడవల కాలువ కూడా విడిగా గుర్తించి ఉంటుంది. ఇంజిన్ లేకుండా మా ఇంటి గుమ్మం దాటలేను.

జగన్నాథపురం డీజిల్ (ఫిబ్రవరి 6)

ఆయ్, నమస్కారమండి. మాది కాకినాడ. మా నాన్నగారు బోటు ఇంజిన్ల మెకానిక్, నేనూ అదే పని. మాకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డెక్కేది అప్పుడే, మాకు కంటిమీద కునుకు లేనిదీ అప్పుడే. ఆ రెండు నెలల్లో ఎన్ని ఇంజిన్లు దింపుతామో, ఎన్ని ఎక్కిస్తామో.

ఉప్పునీళ్లు నేరుగా తిరిగే ఇంజిన్ సంగతి చెబుతాను. నీళ్లు మరీ వేడెక్కితే ఉప్పు గట్టిపడి దారులు మూసుకుపోతాయి. అందుకని దాన్ని 60 డిగ్రీల లోపే ఉంచుతారు. అంత చల్లగా నడిస్తే డీజిల్ సరిగా కాలదు, లోపల మసి కడుతుంది. హెడ్ విప్పాక గ్యాస్కెట్ సంగతి తర్వాత, ముందు నీటి దారుల గోడలు సన్నని సుత్తితో మెల్లగా తట్టి చూడండి. ఖంగుమంటే ఇనుము ఉంది. బొదబొదలాడితే తుప్పే మిగిలింది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనతో గీకండి. రేకులు రేకులుగా ఊడొస్తే ఎంత ఖరీదైన గ్యాస్కెట్ వేసినా అది కూర్చోవడానికి చోటుండదండి.

ఫేర్‌హామ్ తెరచాప (ఫిబ్రవరి 18)

రెండు వారాంతాలు పట్టింది. కంప్రెషన్: ముందు సిలిండర్ 25 బార్, వెనకది 14. హెడ్ విప్పాను. వెనక సిలిండర్ పక్క నీటి దారి అంచు వేలి గోరంత మేర తినేసింది. డీజిల్ గారు చెప్పినట్టు స్క్రూడ్రైవర్‌తో గీకితే నల్లటి రేకులు గుప్పెడు వచ్చాయి. సైఫన్ వాల్వు కూడా తీసి ఊదాను, పూర్తిగా బిగుసుకుపోయి ఉంది.

వాల్తేరు చీఫ్ (ఫిబ్రవరి 18)

అయితే ఇక తర్కం లేదు. బ్లాక్ (ఇంజిన్ ఇనుప ఒళ్లు) పోయింది. యాభై ఏళ్లు ఉప్పు తాగుతూ పనిచేసిన ఇనుము అది, దానికి దండం పెట్టి దింపేయండి. ఈసారి మంచినీటి కూలింగ్ ఉన్నదే తీసుకోండి. సముద్రపు నీళ్లు హీట్ ఎక్స్ఛేంజర్ దాకా వచ్చి వెళ్లిపోతాయి, బ్లాక్‌లో తిరిగేది కూలెంటే. ఇంజిన్ 80 డిగ్రీల పైన హాయిగా నడుస్తుంది, శుభ్రంగా కాలుతుంది.

పెర్త్ గాలి (ఫిబ్రవరి 19)

ఎలాగూ అన్నీ విప్పేస్తున్నారు కదా, ఎలక్ట్రిక్ మోటారు ఎందుకు ఆలోచించకూడదు? ఆయిల్ లేదు, పొగ లేదు, శబ్దం లేదు. నా మిత్రుడు ఫ్రీమాంటిల్‌లో 24 అడుగుల పడవకు 48 వోల్టుల మోటారు పెట్టాడు. ప్రాణం లేచి వస్తుంది చూస్తుంటే.

కీమా తీరం (ఫిబ్రవరి 19)

టెక్సస్ నుంచి. నాకూ ఎలక్ట్రిక్ ఇష్టమే, కానీ లెక్క వేసి చూద్దాం. లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. చిన్న ఇంజిన్ అందులో పావు నుంచి మూడోవంతు దాకా ప్రొపెల్లర్‌ను తిప్పే షాఫ్ట్‌కు ఇస్తుంది. అంటే 10 యూనిట్ల బ్యాటరీ, మూడు నాలుగు లీటర్ల డీజిల్ సమానం. ఈ పడవ 5 నాట్లు పోవాలంటే రమారమి 5 కిలోవాట్లు కావాలి. రెండు గంటల్లో బ్యాటరీ ఖాళీ. రోజూ రెండు మైళ్లు పోయి మెరీనాకు తిరిగొచ్చి ప్లగ్గు పెట్టుకునే మనిషికి అది బంగారం. ఈయన లంగరు దగ్గర కరెంటు లేదు, ఎదురుగా 4 నాట్ల ప్రవాహం, పడవలో పిల్ల. ఈ పడవకు డీజిలే సరైనదని నా అభిప్రాయం.

పెర్త్ గాలి (ఫిబ్రవరి 20)

లంగరు దగ్గర కరెంటు లేదన్న సంగతి నేను గమనించలేదు. ఒప్పుకుంటున్నాను అక్కా.

ఫేర్‌హామ్ తెరచాప (ఫిబ్రవరి 21)

సరే, డీజిలే. పాతది 25 కాబట్టి కొత్తదీ 25 తీసుకోవాలా? బీటా కంపెనీవి 16, 20, 25 హార్స్‌పవర్ చూస్తున్నాను.

కీమా తీరం (ఫిబ్రవరి 21)

టన్నుకు నాలుగైదు హార్స్‌పవర్ అన్నది ఇలాంటి పడవలకు పాత లెక్క. 3 టన్నులకు 15 సరిపోతుంది. ఎదురుగాలి, ఎదురు ప్రవాహం ఉన్న చోటు కాబట్టి 20 తీసుకోండి. 25 దండగ. మిగిలిన శక్తి పడవ వెనక నురగ లేపడానికి తప్ప పనికిరాదు, రోజూ తక్కువ లోడుతో నడిచి సిలిండర్లు నున్నబడి ఆయిల్ తాగడం మొదలుపెడతాయి.

బీటా వాళ్లవి కుబోటా బ్లాకులు. 16 అంటే 599 సీసీ, రెండు సిలిండర్లు. 20 అంటే 719 సీసీ, మూడు సిలిండర్లు. ఆ మూడో సిలిండర్ వల్ల అదురు బాగా తగ్గుతుంది. కుబోటా ట్రాక్టర్లు, జనరేటర్ల పుణ్యాన లోపలి భాగాలు ఎక్కడైనా దొరుకుతాయి.

డబ్బు సంగతి ఇప్పుడే చెబుతున్నాను. ఇంజిన్ ధర దగ్గర ఆగదు. నాకు ప్రొపెల్లర్, ఎగ్జాస్ట్, గొట్టాలు, వైర్లు, బెడ్ (ఇంజిన్ కూర్చునే దిమ్మె) పని కలిపి ఇంజిన్ ధరలో మరో సగం అయింది.

వాల్తేరు చీఫ్ (ఫిబ్రవరి 22)

ఆర్డరు పెట్టేముందు ఒక్క సంగతి తేల్చుకోండి: పాత ప్రొపెల్లర్ ఎటు తిరిగేది? పడవ వెనక నిలబడి ముందుకు చూస్తూ, ముందు గేరులో గడియారం ముళ్లలా తిరిగితే కుడిచేతిది, ఎదురు తిరిగితే ఎడమచేతిది. ఆ కాలపు చాలా ఇంజిన్లు ఎడమచేతివి, ఇప్పటివి ఎక్కువగా కుడిచేతివి. కొత్త ఇంజిన్ పెట్టి పాత ప్రొపెల్లర్ వదిలేస్తే ముందుకు గేరు వేసినప్పుడు పడవ వెనక్కి పోతుంది. రివర్స్‌లో పడవ వెనక భాగం పక్కకు జరిగే దిక్కు కూడా మారుతుంది. జెట్టీకి చేరేటప్పుడు చేతి అలవాటు మళ్లీ నేర్చుకోవాలి.

జగన్నాథపురం డీజిల్ (ఫిబ్రవరి 22)

కొలతలు ఇంజిన్ నుంచి మొదలుపెట్టకండి, షాఫ్ట్ నుంచి మొదలుపెట్టండి. షాఫ్ట్ తీసేసి, స్టర్న్ ట్యూబు (షాఫ్ట్ పడవ బయటికి పోయే గొట్టం) మధ్యలోంచి సన్నటి దారం లాగి బిగించి కట్టండి. అదే మీకు గీత. ఇంజిన్ ఆ గీత మీదికి రావాలి తప్ప గీత ఇంజిన్ దగ్గరికి రాదు. మా వైపు పడవ వెనక భాగాన్ని అమరం అంటాం. అమరం నుంచి ముందుకు లాగిన ఆ దారం చూసే మా నాన్నగారు సగం పని అయిపోయిందనేవారు.

ఫేర్‌హామ్ తెరచాప (మార్చి 16)

బీటా 20 ఆర్డరు పెట్టాను. గేరుబాక్సు తగ్గింపు 2:1. మా పడవకు సరిపడే కాళ్లు వాళ్లే చేసి ఇస్తామన్నారు, దారం నుంచి తీసిన కొలతలు పంపాను. కంపెనీ ఉన్నది గ్లాస్టర్‌షైర్‌లో కాబట్టి ఏ సందేహం వచ్చినా ఫోన్ చేసి అడుగుతున్నాను.

వాళ్ల డ్రాయింగు చూసి ప్లైవుడ్‌తో బొమ్మ ఇంజిన్ చేశాను. నాలుగు కాళ్లు, గేరుబాక్సు వెనక ఫ్లాంజ్ (షాఫ్ట్‌ను బిగించే పళ్లెం) మధ్య చుక్క, ఆయిల్ సంప్ అడుగు, డిప్‌స్టిక్ చోటు మాత్రమే గీశాను. దాన్ని దింపి చూస్తే రెండు సంగతులు బయటపడ్డాయి. బెడ్ మీద 30 మిల్లీమీటర్లు ఎత్తు పెంచాలి. సీవాటర్ పంపు మెట్ల వెనక చెక్కకు తగులుతోంది, ఇంపెల్లర్ (పంపులో తిరిగే రబ్బరు చక్రం) మార్చడానికి చెయ్యి పట్టదు. చెక్కలో చిన్న తలుపు కోశాను. అసలు ఇంజిన్ దింపాక ఇది తెలిసి ఉంటే ఏడ్చేవాణ్ని.

పాతది నిన్న బయటికి వచ్చింది. యార్డు క్రేన్‌తో, ముందు ఆల్టర్నేటర్, స్టార్టర్, ఫ్లైవీల్ అన్నీ విడదీసి బరువు తగ్గించాక. నా భార్య గుమ్మం దగ్గర దుప్పటి కప్పి చెక్క గీసుకోకుండా చూసింది. లోపల యాభై ఏళ్ల నల్లటి ఆయిల్ మడ్డి. గరిటెలతో ఎత్తి డబ్బాల్లో నింపి యార్డు వాళ్ల వ్యర్థాల తొట్టిలో వేశాను. చుక్క కూడా నీళ్లలోకి పోనివ్వలేదు.

కీమా తీరం (మార్చి 16)

ఆ ఖాళీ గొయ్యిని చూసి తొందరపడకండి. మళ్లీ ఇరవై ఏళ్లదాకా అక్కడికి మీ చెయ్యి పోదు. సీకాక్‌లు ఒక్కొక్కటి గీకి చూడండి. లోపల గులాబీ రంగు కనిపిస్తే ఇత్తడిలో జింకు కరిగిపోయి స్పాంజిలా మిగిలిందని అర్థం, తన్నితే విరుగుతుంది. కట్లెస్ బేరింగ్ (షాఫ్ట్‌ను బయటి కొసన పట్టి ఉంచేది) మార్చండి. షాఫ్ట్‌ను చేత్తో పైకి కిందికి ఊపితే ఆడుతోందా?

ముఖ్యంగా డీజిల్ ట్యాంకు. నేను ఇంజిన్ కొత్తది పెట్టి ట్యాంకు పాతదే వదిలేశాను. మూడో వారంలో గాల్వెస్టన్ బే మధ్యలో అలలకు అడుగున ఉన్న బురదంతా లేచి ఫిల్టరు మూసుకుపోయింది. డీజిల్‌కీ అడుగున చేరిన నీళ్లకీ మధ్య సూక్ష్మజీవులు పెరుగుతాయి, నల్లటి మీగడలా తేలుతాయి. బయోడీజిల్ కలిసిన ఇంధనం తేమను ఎక్కువ పట్టుకుంటుంది కాబట్టి ఇప్పుడు ఆ బెడద ఇంకా ఎక్కువ. మూత తీసి చేత్తో కడగాలి. కింద నీళ్లు కనిపించే గాజు గిన్నె ఉన్న ఫిల్టరు పెట్టండి.

ఫేర్‌హామ్ తెరచాప (ఏప్రిల్ 21)

ట్యాంకు అడుగున రెండు లీటర్ల నల్లటి మడ్డి ఉంది అక్కా. ఆ రోజు హార్బర్ ముఖద్వారంలో ఇంజిన్ ఆగింది దీనివల్లే కావచ్చని ఇప్పుడు అనిపిస్తోంది. సీకాక్‌లు మూడూ మార్చాను. ఒకటి పైపు రెంచి పెట్టగానే మెడ దగ్గర విరిగి చేతికొచ్చింది. నీళ్లలో ఉండగా జరిగి ఉంటే? రాత్రి నిద్ర పట్టలేదు.

కొత్త సైఫన్ వాల్వును నీటి మట్టానికి బాగా ఎత్తులో పెట్టాను. ఇంజిన్ దిగింది, కాళ్ల మీద కూర్చుంది. రేపు అలైన్‌మెంట్, అంటే ఇంజిన్‌నూ షాఫ్ట్‌నూ ఒకే గీతలోకి తేవడం.

జగన్నాథపురం డీజిల్ (ఏప్రిల్ 21)

రేపు ఒడ్డు మీద చేసేది ఉజ్జాయింపు మాత్రమేనండి. ఇంజిన్ బరువుకు కాళ్ల కింది రబ్బరు మౌంటింగులు కొంచెం దిగుతాయి, ఒక రోజు వదిలేయండి. అసలుది పడవ నీళ్లలో దిగాక, మళ్లీ ఒకటి రెండు రోజులు ఆగి చేయాలి. ఒడ్డున కీల్ మీద కూర్చున్న పడవ ఆకారం వేరు, నీళ్లలో తేలే పడవ ఆకారం వేరు.

ఫ్లాంజ్‌లు రెండూ చేత్తో దగ్గరికి తెచ్చి, పైన, కింద, కుడి, ఎడమ ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకు) పెట్టండి. 100 మిల్లీమీటర్ల ఫ్లాంజ్‌కు ఎక్కడ చూసినా తేడా 0.1 మిల్లీమీటరు దాటకూడదు. షాఫ్ట్‌ను పావు చుట్టు తిప్పి మళ్లీ చూడండి. తేడా షాఫ్ట్‌తో పాటు తిరిగితే షాఫ్టో ఫ్లాంజో వంకర, తేడా ఉన్నచోటే ఉంటే ఇంజిన్ వంకర. మెత్తటి కప్లింగ్ ఉంది కదా, అదే సర్దుకుంటుందని ఎవరైనా అంటే వినకండి. ఆ రబ్బరు అదురును మింగుతుంది గానీ వంకరను మింగలేదు.

ఫేర్‌హామ్ తెరచాప (మే 6)

ఒడ్డున కుదిరిన అంకె 0.08. నీళ్లలో దిగి రెండు రోజులయ్యాక అదే చోట కొలిస్తే 0.31! డీజిల్ గారూ, మీరు చెప్పకపోతే అలాగే బిగించేసేవాణ్ని. ముందువైపు కాళ్ల నట్లు ఆరో వంతు చుట్టు చొప్పున తిప్పుతూ మూడు గంటలు పట్టింది. ఇప్పుడు 0.07.

మొదటి మీట నొక్కగానే అందుకుంది. ఎగ్జాస్ట్ నుంచి నీళ్లు పడుతుంటే మా పాప చప్పట్లు కొట్టింది.

ఒక్క ఇబ్బంది. పూర్తిగా రేసు ఇచ్చినా నిమిషానికి 2,950 చుట్లు దాటట్లేదు, నల్లపొగ వస్తోంది. 3,600 రావాలి కదా? ప్రొపెల్లర్ 14 అంగుళాల వ్యాసం, 10 పిచ్ (ఒక చుట్టుకు ముందుకు దూసుకుపోయే అంగుళాలు). లెక్క వేసి ఎంచుకున్నది నేనే.

కీమా తీరం (మే 6)

పిచ్ ఎక్కువైంది. ఇలా చూడండి. 3,600 చుట్లు, గేరుబాక్సులో సగమై 1,800. 10 అంగుళాల పిచ్ అంటే జారకుండా మరలా దూసుకుపోతే దాదాపు 15 నాట్లు. మీ పడవ పోగలిగేది 6. అంటే 60 శాతం జారాలి, ఇంజిన్ అంత లాగలేక మధ్యలోనే కూలబడుతోంది. 8 పిచ్ అయితే 12 నాట్లకు కొంచెం తక్కువ, సగం జారుడు. తెరచాప పడవలకు అది మామూలే. ప్రొపెల్లర్ మరమ్మతు చేసేవాళ్లు రెక్కలు మెలితిప్పి పిచ్ తగ్గిస్తారు, కొత్తది కొనక్కర్లేదు. అప్పటిదాకా ఎక్కువ రేసు ఇవ్వకండి, ఆ నల్లపొగంతా కాలని డీజిలే.

ఫేర్‌హామ్ తెరచాప (మే 25)

8కి తగ్గించి ఇచ్చారు. పాటుకు పడవను బురద మీద కూర్చోబెట్టి, ఆరు గంటల వ్యవధిలో నేనే బిగించాను. జంట కీల్స్ పడవ ఉన్నందుకు ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. ఇప్పుడు పూర్తి రేసుకు 3,450, వేగం 6.1 నాట్లు, పొగ లేదు. 2,200 దగ్గర 5 నాట్లు, మాటలు వినిపిస్తున్నాయి.

అయితే 1,400 దగ్గర ఒక అదురు. టీ కప్పులు గలగలమంటాయి. 1,600 దాటగానే పోతుంది. అలైన్‌మెంట్ మళ్లీ చూశాను, 0.07 అలాగే ఉంది.

వాల్తేరు చీఫ్ (మే 25)

ఒకే చుట్టు దగ్గర వచ్చి పోతోందంటే అలైన్‌మెంట్ కాదు. మౌంటింగుల్లో ఏదో ఒకటి బరువు మోయట్లేదు. ఒక్కొక్క కాలి కింద నట్టు, పైన నట్టు రెండూ రెంచి పెట్టి చూడండి. అలైన్‌మెంట్ చేసేటప్పుడు కింద నట్టు తిప్పి పై నట్టు బిగించడం మర్చిపోవడం ఎంతో అనుభవం ఉన్నవాళ్లకూ జరుగుతుంది. ఎలాగూ 50 గంటల దగ్గర ఆయిల్ మార్చేటప్పుడు అన్ని నట్లూ మళ్లీ బిగించాలి, అది కూడా రాసి పెట్టుకోండి.

ఫేర్‌హామ్ తెరచాప (మే 26)

ఎడమ వైపు వెనక కాలు. పై నట్టు వేలితో తిరుగుతోంది. బిగించాను. అదురు లేదు.

రేపు పొద్దున 6:40కి పోటు ఎక్కువగా ఉంటుంది. ముగ్గురం మళ్లీ ఆ ముఖద్వారం గుండానే బయటికి వెళ్తున్నాం.